చుక్క రాయగడలోనే ఉంది

రాయగడ,
జూన్ 12

సాయిరాం గారికి,

నమస్కారం. నేను ధరణిని. మొన్న పెళ్ళిచూపుల్లో మీకు కాఫీ ఇచ్చి, మీ చేతిలో ఐఫోను చూసి "బ్యాటరీ ఎంతసేపు వస్తోందండీ?" అని అడిగిన పెళ్ళికూతుర్ని. అడగాల్సిన ప్రశ్న అదేనా అని మా అత్తలు ఇంకా సాధిస్తున్నారు. మీ ఫోను నా కళ్ళ ముందే ఆరిపోతే అడగక ఏం చేయను?

మొబైల్ షాపు వాళ్ళు ఉత్తరాలు రాయడమేమిటని నవ్వుకుంటున్నారేమో. ఇది మా నాయనమ్మ గురువమ్మగారి హుకుం. "ఫోన్లొద్దమ్మీ. ఫోన్లో అన్న మాట తెల్లారేసరికి తుడిసీసుకుంతారు. కాయితం మీదైతే అన్నోడు అన్నట్టే ఉంటాడు. దసరా దాకా రాసుకోండి, అప్పుడు సూద్దుం" అంది. మీ అమ్మగారు కూడా సరే అన్నారట. మా కొట్టు పార్సెళ్ళన్నీ కొరాపుట్ బస్సు కండక్టరు బాపి సీటు కిందే వెళ్తాయి. కొరాపుట్‌లో అతనే సునాబెడ బస్సుకి అందిస్తాడు. ఈ ఉత్తరం కూడా అలాగే వస్తోంది, చింతపండు వాసన వేస్తే ఏమీ అనుకోకండి.

అసలు విషయానికి వస్తాను. పెళ్ళయ్యాక కొట్లో కూర్చోవు కదా అని మీ అమ్మగారు అడిగారు. కూర్చుంటానన్నాను. "మా ఇంటి కోడలు బజార్లో స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చోదు" అన్నారావిడ. నేను మీ వైపు చూశాను. మీరు ఆరిపోయిన ఫోను వైపు చూశారు.

మా నాన్న దుర్గారావుగారు నడిపిన పప్పులకొట్టుని నేను కాలేజీ అవ్వగానే మొబైల్ షాపు చేశాను. రిపేరు పని విశాఖపట్నం వెళ్ళి నేర్చుకుని వచ్చాను. చచ్చిపోయిందని తెచ్చిన ఫోను నా చేతిలో వెలిగితే ఆ పూట నాకు అన్నం హితవుగా ఉంటుంది. ఆ పని మానుకోమంటే ఈ సంబంధం నాకు వద్దు. మీ అమ్మగారి మాట విన్నాను, మీ మాట ఇంకా వినలేదు. రాయండి.

ఇట్లు,
ధరణి


సునాబెడ,
జూన్ 21

ధరణి గారికి,

నమస్కారం. నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు మా అమ్మ పలక మీద నేర్పిందే. అందుకని ఈ ఉత్తరం నాలుగుసార్లు రాశాను. మూడు చింపేశాను.

ఆ రోజు నేను మాట్లాడకపోవడం తప్పే. మా ఇంట్లో అమ్మ కోటేశ్వరమ్మగారు ఒక మాట అన్నాక ఇంకెవరూ నోరు విప్పరు. నాన్నగారైతే పేపరు మడిచి, మళ్ళీ అదే పేపరు విప్పుతారు. నాకు ఫోను చూసుకోవడం అలవాటైంది. మీరు పని చేసుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. అమ్మకి ఎలా చెప్పాలో తెలియడం లేదు, అంతే.

బ్యాటరీ సంగతి నిజమే, మధ్యాహ్నానికే పడిపోతోంది. కొని చాలా ఏళ్ళయింది మరి. కానీ ఫోను మాత్రం కొన్న రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే నడుస్తోంది. కొత్త అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి. ఫోన్లో తీసిన ఫోటో ఇంట్లో ట్యాబులో దానంతటదే కనిపిస్తుంది. ఇయర్‌ఫోన్ డబ్బా మూత తీస్తే చాలు, ఫోను గుర్తుపడుతుంది. ఫ్యాక్టరీలో ఇంజను భాగాలు బిగించే పని నాది. అక్కడ ప్రతి భాగం ఇంకో భాగం కోసమే పుట్టినట్టుంటుంది. నా ఫోనూ అలాంటిదే. ఆండ్రాయిడ్ అంటే నాకు సంతలో కొన్న సామానులా అనిపిస్తుంది. కోపం తెచ్చుకోకండి.

ఇట్లు,
సాయిరాం


రాయగడ,
జూలై 3

సాయిరాం గారికి,

కోపం తెచ్చుకున్నాను. మీ ఉత్తరం నాయనమ్మకి చదివి వినిపించాను, అది ఆవిడ పెట్టిన ఇంకో షరతు. "సంత అంటే అంత సులకనైపోయిందేటి? ఆడి అమ్మ కూరలు ఎక్కడ కొంటాదో అడుగు" అంది. అడుగుతున్నాను.

ఆ సంత సంగతి చెబుతాను, వినండి. గుడారి నుంచి అల్లం రైతులు వస్తారు. వాళ్ళకి ఒకే ఫోన్లో రెండు సిమ్ములుండాలి, ఒకటి ఊళ్ళో సిగ్నల్‌కి, ఒకటి బజార్లో సిగ్నల్‌కి. మెమరీ కార్డు నిండా పాటలు వేసివ్వాలి, ఎందుకంటే కొండమీద నెట్ రాదు. మీ ఫోన్లో ఆ కార్డు పెట్టడానికి చోటే లేదు. పక్కింటివాళ్ళ చార్జరైనా పట్టాలి. తెర పగిలితే సాయంత్రానికి నేను మార్చి ఇవ్వాలి, ఆ ఇచ్చే తెర వాళ్ళకి అందేలా ఉండాలి. ఎవరికి ఎలా కావాలంటే అలా ఒదిగేది ఆండ్రాయిడ్. మీది ఒకే కొలతకి కుట్టిన చొక్కా, పట్టినవాళ్ళు తొడుక్కోవాలి.

న్యాయం కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మా చవక ఫోన్లలో కొన్నింటిని చేసినవాళ్ళే రెండేళ్ళకి మర్చిపోతారు. కొన్ని కొత్తలోనే ఎందుకో ఎవరికీ తెలియని ఆటలూ ప్రకటనలూ పొట్టలో పెట్టుకుని వస్తాయి. వాటిని పీకి పారేయడం సగం నా పని. ఆ విషయంలో మీ ఫోను పద్ధతి నాకు నచ్చుతుంది.

మీ "ఏ అభ్యంతరమూ లేదు" అన్న మాట మాత్రం నచ్చలేదు. అది మునిసిపాలిటీ ఆఫీసులో స్టాంపు వేసి ఇచ్చే మాట. నాకు కావలసింది అది కాదు.

ఒక పందెం వేద్దాం. మీ ఐఫోను నాకు పంపండి, బ్యాటరీ నేను మారుస్తాను. ఇంతవరకు నేను ఐఫోను విప్పలేదు, ఈ చుట్టుపక్కల పెద్దగా ఎవరూ తేరు. అది తిరిగొచ్చేదాకా మా కొట్లోంచి ఒక ఆండ్రాయిడ్ పంపుతున్నాను, దాన్నే వాడండి. సంతో కాదో అప్పుడు చెప్పండి. పంపేముందు, ఫోను ఎక్కడుందో మ్యాపులో చూపించే "ఫైండ్ మై" ఆపేయండి, సిమ్ము తీసేసుకోండి, తాళం నంబరు చీటీ మీద రాయండి. 

ఇట్లు,
ధరణి


సునాబెడ,
జూలై 14

ధరణి గారికి,

ఫోను ఈ పార్సెల్‌లోనే ఉంది, పాత తువ్వాల్లో చుట్టాను. చీటీ దాని కిందే ఉంది. పక్కన ఉన్నది కొరాపుట్‌లో పండే కళాజీర అనే సువాసన బియ్యం. అది నాయనమ్మగారికి, సంత అన్నందుకు.

మీ ఆండ్రాయిడ్‌తో మొదటి రోజు ఏడుపొక్కటే తక్కువ. ఏ బొమ్మ ఎక్కడుందో తెలీదు. వెనక్కి వెళ్ళాలంటే వేలు ఏ పక్కనుంచి జరపాలో తెలీక మా ఇంజినీరుగారికి పొరపాటున పువ్వుల బొమ్మ పంపాను. ఆయన నమస్కారం పంపారు. మూడో రోజుకి అలవాటైంది. ఇప్పుడు నాకు కావలసిన బొమ్మలు నాకు కావలసిన చోట పెట్టుకున్నాను. ఐఫోన్లో కాల్స్ రికార్డు చేసుకోవడానికి నేను ఎన్నాళ్ళు ఆగానో, ఇందులో అలాంటివి పాతకాలం నుంచే ఎన్ని ఉన్నాయో చూసి కొంచెం సిగ్గేసింది. సంత అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

అమ్మకి మాత్రం చెప్పలేదు. గేటు దగ్గర ఫోన్లు అప్పగించి లోపలికి వెళ్ళడం మా ఫ్యాక్టరీ రూలు కదా, ఐఫోను అక్కడే లాకర్లో ఉండిపోతోందని చెప్పాను. ఆండ్రాయిడ్ ఇంట్లో జేబులోంచి తీయడం లేదు. నువ్వే బాగు చేస్తున్నావని తెలిస్తే పెద్ద గొడవవుతుంది. చూడండి, "నువ్వు" అని రాసేశాను. కొట్టేస్తే అసహ్యంగా ఉంటుందని వదిలేస్తున్నాను.

సాయిరాం


రాయగడ,
జూలై 27

సాయీ,

కొట్టేయనక్కర్లేదు. నాయనమ్మ కూడా విని "మీరు మీరు అని రాసుకుంటే దసరాకి కూడా తెమలదు" అంది. బియ్యం వండాం, వాసనకి పక్క కొట్టువాళ్ళు కూడా వచ్చి తిన్నారు.

నీ ఐఫోను యువరాజుని విప్పాను. కింద రెండు మరలు, వాటికి మామూలు స్క్రూడ్రైవరు పట్టదు. ముక్కు వేరే. తెర కింద జిగురు. వేడి చేసి, ఊపిరి బిగబట్టి, సన్నగా ఎత్తాను. లోపల చూశాక మాత్రం చెయ్యెత్తి దండం పెట్టాను సాయీ. అంత శుభ్రంగా సర్దిన ఫోను నేను చూడలేదు. నువ్వు ఫ్యాక్టరీ పని గురించి రాసింది అప్పుడర్థమైంది.

కొత్త బ్యాటరీ వేశాను. చార్జి నిండుతోంది, రోజంతా నిలుస్తోంది, వేడెక్కడం లేదు. అయినా సెట్టింగుల్లో ఒక హెచ్చరిక పెట్టుకుంది, ఈ బ్యాటరీ ఎవరో తనకి తెలియదని. పని చేయించుకుంటుంది, అన్నం దాని చేతే వండించుకుంటుంది, ఇంట్లో మనిషని మాత్రం ఒప్పుకోదు. నాకు మీ అమ్మగారు గుర్తొచ్చారు. ఈ వాక్యం నాయనమ్మకి చదివినప్పుడు ఆవిడ తమలపాకు నమలడం ఆపి నవ్వింది.

ఇంకో పది రోజులు కొట్టు వైఫైలో పెట్టి చూసి పంపుతాను. అద్దాల బీరువాలో, దేవుడి పటం కింద పెట్టాను.

నువ్వు అమ్మకి అబద్ధం చెప్పడం నాకు బాధగా ఉంది. నన్ను లాకర్లో దాచినట్టుంది. ఫోను బాగు చేసింది ధరణి అని చెప్పలేనివాడివి, రేపు మా ఆవిడ కొట్లో ఉందని నలుగురిలో ఎలా చెబుతావు? ఫోను మార్చుకునేవాళ్ళకి నేను రోజూ చెప్పేదేమిటో తెలుసా? కొత్తదాంట్లోకి వెళ్తున్నారని పాతవి పారేసుకోనక్కర్లేదు, అన్నీ వస్తాయి, ఓపిగ్గా ఎక్కించాలి అని. నాకు మాత్రం అందరూ ఖాళీగా రమ్మని చెబుతున్నారు. నేను ఖాళీగా రాను.

ధరణి


సునాబెడ,
ఆగస్టు 5

ధరణీ,

కొంప మునిగింది.

ఇంట్లో ట్యాబు అమ్మది. దాన్ని నేను నా అకౌంటుతోనే పెట్టిచ్చాను, వేరే అకౌంటు ఎందుకులే అని. నువ్వు చెప్పినట్టు "ఫైండ్ మై" ఆపడం మర్చిపోయాను. అమ్మ నిన్న ట్యాబులో కొత్త బొమ్మలన్నీ నొక్కుతూ ఉంటే మ్యాపు తెరుచుకుంది. అందులో చుక్క. పైన "సాయిరాం ఐఫోన్" అని రాసుంది. చుక్క రాయగడ బజార్లో, సరిగ్గా మీ కొట్టు మీద.

పొద్దున్న చూసింది, అక్కడే. మధ్యాహ్నం చూసింది, అక్కడే. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. "ఫ్యాక్టరీకని సెప్పి పెళ్ళికాకుండానే అత్తోరింట్లో మకాం ఏసేవేటి?" అంది. నేను అటూ ఇటూ కాకుండా ఏదో గొణిగాను. రాయగడ వెళ్ళి రావడానికే రోజు చాలదమ్మా అంటే, "ఫోను అబద్ధమాడదు, నువ్వే ఆడతావు" అంది. సంబంధం వద్దని మీ నాన్నగారికి కబురు పెడతానంటోంది. నాన్నగారు పేపరు విప్పారు.

రాత్రంతా ఆలోచించాను. నువ్వు రాసిన లాకరు మాట గుచ్చుకుంటూనే ఉంది. ఇవాళ పొద్దున్న టిఫిను దగ్గర చెప్పేశాను. ఫోను ధరణి దగ్గరుంది, ఆ అమ్మాయే బాగు చేసింది, తను ఆ పని మానదు, మానమని నేను ఎప్పటికీ అడగను, అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మ ఉప్మా గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. ముందు అబద్ధం చెప్పాను కాబట్టి, ఇదీ అబద్ధమేననుకుంటోందేమో.

ఏమవుతుందో తెలీదు. ఏమైనా సరే, నేను అన్నమాట కాగితం మీద కూడా రాస్తున్నాను. నాయనమ్మగారికి చదివి వినిపించు.

నీ
సాయి


రాయగడ,
ఆగస్టు 6

సాయీ,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. దారిలో ఎక్కడైనా ఎదురైతే ఎదురవనీ, ఇది ఇప్పుడే రాయాలి.

నిన్న పొద్దున్న పదిగంటలవేళ కొట్టు నిండా జనం. ఉన్నట్టుండి దేవుడి పటం కింద నీ ఫోను కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. ఎంత నొక్కినా ఊరుకోదు. నాయనమ్మ లోపల్నుంచి వచ్చి "దేవుడి దగ్గర ఏటీ కేకలు?" అంది. తీసి చూస్తే తెరమీద ఇంత ఇంత అక్షరాలు: "ఒరే సాయీ, నిజంగా ఆ పిల్ల దగ్గర ఫోనే ఉందా, నువ్వు కూడా ఉన్నావా? ఎవరు చూస్తే వాళ్ళు ఈ నంబరుకి చెయ్యండి. వాళ్ళమ్మ." కింద నంబరు. పోయిన ఫోను దొరికినవాళ్ళకి కబురు రాసే చోట ఆవిడ ట్యాబులోంచి ఉత్తరం రాసేశారు.

పదిమందీ చదివారు. నాన్న చెమట తుడుచుకున్నారు. నేను నా ఆండ్రాయిడ్ తీసి ఆ నంబరు నొక్కాను.

"ఎవులు?" అన్నారు.

"ధరణినండీ. మీ అబ్బాయి ఇక్కడికి రాలేదండీ. ఫోనొక్కటే వచ్చింది."

"మరి ఆడు సెప్పింది నిజవేనేటి?"

"ఆయనేం చెప్పారో నాకు తెలీదండీ."

అప్పుడు నువ్వు టిఫిను దగ్గర చెప్పిందంతా ఆవిడ నోటి నుంచి విన్నాను. నువ్వు అలా అన్నావని నాకు మీ అమ్మగారు చెప్పారు సాయీ. నేను కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుండిపోయాను.

"ఆడు ఇప్పుడేటి వాడతన్నాడు?" అని అడిగారు. మా కొట్లోది ఆండ్రాయిడండీ అన్నాను. ఆవిడ నవ్వారు. "ఆండ్రాయిడంటే మూతి తిప్పీవోడు" అన్నారు.

ఫోను వెంటనే పంపేస్తానండీ అన్నాను. "ఆగు, పంపకు" అన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. అది నీకు చెప్పొద్దన్నారు. నువ్వు నా దగ్గర అబద్ధం నేర్చుకోకుండా ఉండాలి కాబట్టి, దాస్తున్నానని చెప్పి మరీ దాస్తున్నాను.

నీ
ధరణి


సునాబెడ,
ఆగస్టు 30

ధరణీ,

ఏం దాస్తున్నారు మీరిద్దరూ? అమ్మ సంబంధం మాటెత్తడం లేదు, వద్దనీ అనడం లేదు, కావాలనీ అనడం లేదు. బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి ఏదో వెతికి తీసింది, నన్ను చూసి కొంగు కప్పింది. మర్నాడు కొరాపుట్ బస్టాండులో బాపితో మాట్లాడుతూ కనిపించిందని నాన్నగారు పేపరు వెనక నుంచి చెప్పారు. మొన్న వంటింట్లో కోలాటం పాట పాడుకుంటోంది. చాలా ఏళ్ళయింది ఆ గొంతు విని.

ఐఫోను అడిగితే "నీకు అదెందుకు, ఇదుంది కదా" అంటోంది. నిజం చెప్పనా, ఇది ఇచ్చేయాలంటే నాకూ ఇప్పుడు మనసొప్పడం లేదు. ఇయర్‌ఫోన్ మాత్రం మూత తీయగానే గుర్తుపట్టదు, రోజూ చేత్తో పరిచయం చేయాలి. చేస్తున్నాను.

దసరా దగ్గరకొస్తోంది. నాకు భయంగా ఉంది.

నీ
సాయి


సునాబెడ,
సెప్టెంబరు 18

చిరంజీవి ధరణికి,

కోటేశ్వరమ్మ ఆశీర్వదించి రాయునది. మా వాడికి కాకుండా నీకే రాస్తున్నాను. గురువమ్మగారికి చదివి వినిపించు, ఆవిడ రూలు నాకూ నచ్చింది.

నువ్వు పంపిన పార్సెలు అందింది. ఆ రోజు ఫోన్లో నీకు చెప్పి పంపిన నా పాత ఆండ్రాయిడ్ వెలిగింది. ఇది పాడైనప్పుడు సాయి "పారెయ్యమ్మా, అది చెత్త" అని ట్యాబు కొనిచ్చాడు. ఇక్కడి దుకాణంలో ఇస్తే బాగవదన్నారు. పారెయ్యలేక బియ్యం డబ్బాలో పెట్టుకున్నాను. మా తెలుగు ఆడవాళ్ళ కోలాటం జట్టు వీడియోలన్నీ అందులోనే ఉండిపోయాయి. జట్టుకి నేనే ముందు ఆడేదాన్ని, ఆ సంగతి మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. మోకాళ్ళు నొప్పెట్టి మానేశాను. చాలామంది బదిలీలై వెళ్ళిపోయారు, ఒకామె లేదు కూడా.

నిన్న సాయంత్రం ఆ వీడియోలు చూస్తూ కూర్చున్నాను. మీ మావగారు పేపరు పక్కన పెట్టి, నా పక్కన కూర్చుని చూశారు. "నువ్వు ఇంత బాగా ఆడీదానివా?" అన్నారు. ముప్పైఏళ్ళ సంసారంలో ఆయన పేపరు పక్కన పెట్టడం నేను చూడలేదు.

వీడియోలు నీ కొట్లోవాళ్ళు కూడా చూశారా అని నువ్వు ఫోను పంపినప్పుడు అడగాలనుకున్నాను. చూడలేదని చీటీ పెట్టావు, వెలిగిందో లేదో చూసి మూసేశానని. ఆ చీటీ దాచుకున్నాను.

స్క్రూడ్రైవరు గురించి నేను అన్నమాట నేనే తీసేస్తున్నాను. ఫోన్లో తుడిచినట్టు కాదు, కాయితం మీద రాసి తీసేస్తున్నాను. మా ఫ్యాక్టరీ కాలనీ షాపింగ్ సెంటర్లో మందుల దుకాణం పక్కన గది ఒకటి ఖాళీగా ఉంది. వెళ్ళి చూసొచ్చాను, వెలుతురు బాగుంది, పనికి వెలుతురు కావాలి కదా. ఈ ఊళ్ళో అరచేతిలో ఐఫోన్లున్నవాళ్ళు చాలామంది, బాగుచేసేవాళ్ళు లేరు. నీకు రెండూ వచ్చు. రాయగడ కొట్టు మీ నాన్నగారు చూసుకుంటూ ఉంటే, నువ్వు అటూ ఇటూ తిరుగుతూ ఉండు, బాపి బస్సు ఉండనే ఉంది. బోర్డు మీద నీ పేరు రాయించమన్నాను. మా ఇంటిపేరు వేయాలా మీ ఇంటిపేరు వేయాలా అని పెయింటరు అడిగాడు. ధరణి అని వేస్తే చాలన్నాను.

దసరా పోయాక ముహూర్తం చూసుకుందాం. పెళ్ళి మీ ఇంట కదా, అది అవగానే నేను ముందు బండిలో వచ్చేసి గుమ్మం దగ్గర హారతి సిద్ధం చేసుకోవాలి. మా పెద్ద ఆడపడుచు కోడలు వచ్చినప్పుడు కర్పూరం ముందే వెలిగించేశారు, బండి కొండదారిలో, ఘాటీలో ఆగిపోయింది, హారతి ఆరిపోయింది. ఆ అపశకునం మాట ఆ కోడలు ఇప్పటికీ పడుతోంది. నీకు అలా జరగనివ్వను.

అందుకే ఐఫోను పంపొద్దన్నాను. అది నీ దగ్గరే ఉంచు. వచ్చేటప్పుడు ఒళ్ళో పెట్టుకుని రా. దానికి సిమ్ము లేదు కాబట్టి నీ ఆండ్రాయిడ్ నుంచి నెట్ ఇవ్వాలట, సాయి నేర్పాడు, ఎందుకో చెప్పకుండా నేర్పించుకున్నాను. ఘాటీలో సిగ్నలు పోయి చుక్క మాయమైతే నేను కంగారుపడను, ఘాటీ దాటాక కనిపిస్తావు.

ఇవాళ కూడా ట్యాబు తెరిచి చూశాను. చుక్క రాయగడలోనే ఉంది. అది మా వీధి మలుపు తిరగ్గానే కర్పూరం వెలిగిస్తాను.

మీ అత్త,
కోటేశ్వరమ్మ